రేనో కట్టేసిన కుళాయి

ఆ చలికాలం రేనో కంగస్ బతుకంతా వంటింటి కుళాయి చుట్టూనే తిరిగింది. పెన్సిల్ ముల్లంత సన్నటి ధార పగలూ రాత్రీ పడుతూనే ఉండాలి. ఆగిందా, నేల కింద పైపు గడ్డకట్టినట్టే. సుపీరియర్ సరస్సు మీంచి వీచే గాలికి జాలీ దయా లేవు. మా ఊరి రాగి గని మూతపడి ఎన్నేళ్లయినా, ఆ గాలి మాత్రం ఏటా ఠంచనుగా డ్యూటీకి వస్తుంది.

రేనో భార్య ఐలీ ఐదు నెలలుగా ఆస్పత్రిలో ఉంది. ఊపిరితిత్తులు పాడైపోయాయి. వసంతం దాకా ఉండదని డాక్టరు ఆమె మొహం మీదే చెప్పాడు. "అయితే ఇంటికి పంపండి, నా మంచం మీదే పోతాను" అంది ఐలీ. వాళ్లు సరేనంటూనే ఒక షరతు పెట్టారు. ఇల్లు వెచ్చగా ఉండాలి, కుళాయిలో నీళ్లు రావాలి. సోమవారం నర్సు డార్లీన్ వచ్చి చూసి సంతకం పెడితే, ఆ మధ్యాహ్నమే ఐలీని తెచ్చుకోవచ్చు.

రేనో చెయ్యని పని లేదు. పునాది చుట్టూ గడ్డిమోపులు పేర్చాడు. ఇంటి నేల కింద ఉన్న ఖాళీలోకి పాక్కుంటూ వెళ్లి పైపుకి వేడెక్కే కరెంటు తీగ చుట్టి, పైన పాత దుప్పట్లు కట్టాడు. పైపు గోడలోకి మలుపు తిరిగే చోట మాత్రం చెయ్యి దూరలేదు. అక్కడ పైపుని కాపాడేది ఆ సన్నటి ధార ఒక్కటే.

పక్కింటి హిల్మా రొట్టె ఇవ్వడానికి వచ్చి ఇదంతా చూసింది.

"ఏమయ్యా, పెళ్లాం నలభై ఏళ్లు వణికితే ఒక్క దుప్పటి కొన్న పాపాన పోలేదు. పైపుకి నాలుగు కప్పావే."

"పైపు సణగదు కదా హిల్మా."

"ఐలీ రానీ, నీ సంగతి చెప్తాను."

"చెప్పు. వచ్చి తిడితే అంతకన్నా కావలసిందేముంది?"

శనివారం ఆవిరిస్నానం చెయ్యకపోతే మా ఊరివాళ్లకి వారం గడిచినట్టే ఉండదు. ఐలీ ఆస్పత్రికి వెళ్లాక రేనో దాని జోలికే పోలేదు. ఆమె మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా అదే అడిగేది. "ఆవిరిగది పొయ్యి పనిచేస్తోందా? నన్ను ఎత్తుకెళ్లయినా కూర్చోబెట్టాలి సుమా." తీరా ఆమె వచ్చాక పొయ్యి మొరాయిస్తే? అందుకే ఆ శనివారం ఓసారి రాజేసి చూద్దామనుకున్నాడు.

పెరట్లోని ఆవిరిగది తొట్టిని రబ్బరు గొట్టంతో నింపాలి. పంపు పాతది, రెండు చోట్లకీ ఒకేసారి నీళ్లు అందించలేదు. అరగంటేగా అని వంటింటి ధార కట్టేశాడు.

తొట్టి నిండింది. పొయ్యి సంగతి తేలాక వెళ్లి కుళాయి తిప్పుదామనుకున్నాడు. పొయ్యి మీద పేర్చిన రాళ్లు కాలాయి. వాటి మీద నీళ్లు చల్లగానే బుస్సుమని ఆవిరి లేచింది. ఐదు నెలల తర్వాత మొదటిసారి ఎముకల్లోకి వెచ్చదనం దిగింది. బల్ల మీద అలా నడుం వాల్చాడు, అంతే, నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలిపోతోంది. తువ్వాలు చుట్టుకునే మంచులో పరిగెత్తి కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు. జుట్టు ఆరబెట్టే మిషన్ పట్టుకుని నేల కింద దూరాడు. గంటకి గడ్డ కరిగింది. నీళ్లయితే వచ్చాయి గానీ, పగిలిన మలుపులోంచి అతని మొహం మీదికి చిమ్మాయి.

ఆదివారం ప్లంబరు టార్చి వేసి చూసి పెదవి విరిచాడు. "గోడ లోపలా పగిలింది. మట్టి తవ్వాలంటే రాయిలా ఉంది. ఏప్రిల్ దాకా ఎవరి వల్లా కాదు."

సోమవారం డార్లీన్ కుళాయి తిప్పింది, మళ్లీ కట్టేసింది.

"బకెట్లతో మోస్తానమ్మా. హిల్మా ఇంటి నుంచి ఎన్ని కావాలంటే అన్ని."

"రూలు నేను పెట్టింది కాదు రేనో గారూ. ఏప్రిల్‌లో మళ్లీ వస్తాను."

"ఏప్రిల్‌కి మీరుంటారు, నేనుంటాను" అన్నాడు రేనో. డార్లీన్ తల దించుకుని కాగితాలు సర్దుకుంది.

ఆస్పత్రికి వెళ్లేసరికి ఐలీ కోటు తొడుక్కుని, బూట్లు వేసుకుని మంచం అంచున కూర్చుని ఉంది. పక్కన సంచీ. రేనో ఒక్కటీ దాచలేదు. నిద్రపోయిన సంగతి కూడా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"పొయ్యి బాగా రాజిందా?" అంది ఐలీ.

"రాజింది."

"ఇలా రా."

అతని మెడ దగ్గర మొహం పెట్టి, ఆక్సిజన్ గొట్టం పక్కకి లాగి, ఉన్న కాస్త ఊపిరితో వాసన చూసింది. ఇంకా కట్టెల పొగ వాసన ఉంది.

"సరే, ఇక నా బూట్లు విప్పు రేనో" అంది.