శైలేందర్ వేసిన అడుగులు

నంగునూరు శైలేందర్ గుండె ఆగి పోయిన మూడో నెలలో అతని భార్య ఉషకు ఒక సంగతి తెలిసొచ్చింది. పదకొండేళ్లు అతనితో కలిసి ఆడిన ఆటలో తనకు వచ్చింది సగమే.

సిద్దిపేటలో ఎరువుల దుకాణం మీద ఒక గది కిరాయికి తీసుకుని ఆలుమగలు సాంబ డాన్సు నేర్పేవారు. బ్రెజిల్ నుంచి వచ్చిన, జంటగా ఆడే ఆట అది. మోకాళ్లు స్ప్రింగుల్లా ఊగాలి, భుజాలు మాత్రం నిలకడగా ఉండాలి. మగవాడి కుడిచెయ్యి ఆడమనిషి వీపు మీద ఉంటుంది, ఎటు పోవాలో ఆ చెయ్యే చెబుతుంది. మొదట్లో వీధంతా ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత ఆ వీధి పిల్లలే పెళ్లి రిసెప్షన్లలో ఆడాలని వచ్చి నేర్చుకున్నారు. మగపిల్లలకు శైలేందర్ నేర్పితే, ఆడపిల్లలకు ఉష నేర్పేది.

తమ ఇద్దరి కోసమే శైలేందర్ ఒక ఆట కట్టాడు. దాన్ని ఎవరికీ నేర్పలేదు. పోయే ముందు వారమే, తమ దగ్గర నేర్చుకున్న సంహితకు మాటిచ్చాడు, నీ పెళ్లికి అది నీకూ పెళ్లికొడుకు అరుణ్‌కుమార్‌కూ నేర్పుతానని. ఆ పెళ్లి దగ్గర పడింది. సంహితకు నేర్పడం కష్టం కాదు. అరుణ్‌కుమార్‌కు ఏం నేర్పాలి? శైలేందర్ పాదాలు ఎప్పుడు ఎటు పోయేవో ఉష ఏనాడూ చూడలేదు. కిందికి చూస్తే ఆట చెడుతుందని గదమాయించేవాడు అతనే.

ఫోన్లో వీడియోలు వెతికింది. అన్నీ అతను ఫోను నిలబెట్టి తీసినవే. తీసిన తర్వాత తీరిగ్గా కూర్చుని, తనను కత్తిరించి, ఆమె నిండుగా కనబడేలా చేసి పెట్టుకున్నాడు. అంచున ఒక మోచెయ్యి మిగిలింది, అంతే.

ఉష ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. ఆ తర్వాత పక్కింటి అంజమ్మను బతిమాలి గదికి తెచ్చింది. తను శైలేందర్ జాగలో నిలబడి, తన అడుగులు ఆమెతో వేయిస్తే, ఆమె కాలు వెనక్కి పోయిన జాగలోకి వచ్చే కాలు శైలేందర్‌దే కదా.

"వీపు మీద చెయ్యేంది పిల్లా? మా పెన్మిటి కూడ గిట్ల పట్టలె," అన్నది అంజమ్మ.

"జర మోకాళ్లు ఊపు అత్తా."

"ఊపుత. గవి ఊడి కిందవడితే ఏరిస్తవా?"

నాలుగు సాయంత్రాలు పట్టింది. దొరికిన ప్రతి అడుగు దగ్గరా ఉష సుద్దముక్కతో గుర్తు పెట్టింది. అతని ఎడమకాలు ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా వచ్చేదని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ తనే తొందరపడుతున్నాననుకుంది.

ఒక్కచోట గుర్తు పడలేదు. అక్కడ అతను చెయ్యి వదిలేవాడు, ఆమె అటు తిరిగి ఎనిమిది దరువులు ఒక్కతే ఆడుకుంటూ పోయేది.

"గీడ ఏం చేసేటోడో నాకు తెల్వది అత్తా. నా వీపు అటుండె."

"నాకు ఎర్కే," అన్నది అంజమ్మ. "మా మిద్దె మీది నుంచి మీ కిటికీ కనవడతది. వడియాలు పెట్టుకుంట చూస్తుంటి. వానకాలం వడియాలేంది అత్తమ్మా అని మా కోడలు నవ్వేది."

"ఏం చేసేటోడు మరి?"

"ఏం చెయ్యకపోతుండె. నిలవడి నిన్నే చూస్తుండె. ఆట మరిసిండేమో అనుకుంటి. మళ్ల నువ్వు దగ్గరికొచ్చే యాళ్లకు చెయ్యి ముందటికి పెడుతుండె."

ఉష ఆ జాగలో గుర్తేమీ పెట్టకుండా సుద్దముక్కను పక్కన పెట్టింది. అంజమ్మ ఆమె తల నిమిరింది.

ఆదివారం సంహితా అరుణ్‌కుమారూ వచ్చారు. సుద్దగుర్తులు అయిపోయిన చోట అరుణ్‌కుమార్ ఆగిపోయాడు.

"గీడ ఏం స్టెప్పు అక్కా?"

"స్టెప్పు లేదు తమ్మీ. ఆమెను చూడు."

సంహిత తిరగడం మొదలుపెట్టింది. అరుణ్‌కుమార్ ఒళ్లు మరిచి చూస్తున్నాడు. పాట సౌండు పెంచే వంకతో ఉష వాళ్లకు వీపు పెట్టి నిలబడింది. ఎనిమిదో దరువుకు వీపు మీద శైలేందర్ చెయ్యి పడాలి. ఉష ఒళ్లు దానంతట అదే ఆ చేతి కోసం ఆగింది.

తొమ్మిదో దరువు కూడా దాటిపోయింది.