రెండు చేతుల బొంత

పోతమ్మ నోటికి జాలారిపేటలో జడవనివాళ్లు లేరు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వన్ టౌన్ సందుల్లో కేకేసిందంటే మేడ మీద కునుకు తీసేవాళ్లు కూడా లేచి కూర్చోవలసిందే. అలాంటి మనిషి ఏడాదిగా ఇంట్లో మాత్రం పిల్లిలా తిరుగుతోంది. బోటు మీద వల లాగే వించి మర తాడులో పడి మొగుడు ఎల్లారావు కుడిచెయ్యి పోయింది మరి. ఆ రోజునుంచీ అతను రేవుకి వెళ్లడు, గుమ్మం దాటడు. తెగగా మిగిలిన మొండిచేతికి తువ్వాలు చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంటాడు. ఆస్పత్రి కట్టు విప్పాక ఆ చెయ్యి పెళ్లానికి కూడా చూపించలేదు. ఎడమచేత్తో అన్నం తినడం ఆమె చూస్తే ముద్ద ఎత్తడు. కంచం పెట్టి ఆమె వీధిలోకి పోవాలి.

అతన్ని వదిలి తిరగలేక బుట్ట మానేసి బొంతలు కుట్టడానికి కూర్చుంది పోతమ్మ. పాత చీరలు పొరలుగా పేర్చి కుడుతుంది. రుషికొండలో బొమ్మల ప్రదర్శనలు పెట్టే సత్యశ్రీ ఆ పనితనం చూసి వెతుక్కుంటూ వచ్చింది.

"మనిషి ఒంటినే బొమ్మగా పెట్టి ఒక బొంత కుట్టాలి పోతమ్మగారూ. ఒళ్లంటే సిగ్గుపడేది కాదు, పండగ చేసుకునేదని చూసినవాళ్లకి అనిపించాలి."

"ఓలమ్మో! గుడ్డలతోటి గుడ్డల్లేని మడిసిని కుట్టమంతారేటమ్మా!" పోతమ్మ నోరు నొక్కుకుని నవ్వింది. నవ్వుతూనే ఒప్పుకుంది. ఎవరి ఒళ్లు కుట్టాలో ఆమెకి అడగకుండానే తెలుసు. వల లాగి లాగి గట్టిపడిన మావ భుజాలు, ఉప్పుగాలికి కమిలిన ఛాతీ గోడకెక్కి, నలుగురూ మెచ్చుకుంటే అతను మళ్లీ తలెత్తుకుంటాడని ఆశ. పిచ్చి ఆశే. అయినా పెట్టుకుంది.

కాఫీపొడి రంగు చీరలన్నీ ఏరి ఒళ్లు కుట్టింది. కుడిచెయ్యి దగ్గరికి వచ్చేసరికి సూది ఆగిపోయింది. భిన్నమైన బొమ్మని పేటలో ఎవరూ ఇంట్లో ఉంచుకోరు. అమ్మవారి మట్టిబొమ్మకి వేలు విరిగినా సముద్రంలో కలిపేసి కొత్తది తెచ్చుకుంటారు. మొగుడి బొమ్మని అలా కుడితే ఇంకేం కీడు మూడుతుందోనని ఆమెకి దడ. పైగా ఆ చేతి మీద బెంగ కూడా ఉంది, లేదంటే అబద్ధం. పెళ్లిచీర కొంగు కోసి, అయిదు వేళ్లూ గోళ్లతో సహా కుట్టేసింది.

మర్నాడు సత్యశ్రీ వస్తుందనగా, మధ్యాహ్నం పూట బొంత నేలమీద పరిచింది.

"మావా, ఓపాలి ఇటు తిరుగు. నిన్ను నువ్వు సూసుకో."

ఎల్లారావు తిరిగాడు. భుజం మీద కుట్టిన పుట్టుమచ్చని చూసి నవ్వబోయాడు కూడా. అంతలో చూపు కిందికి జారింది.

"ఎవుడే ఈడు?"

"అదేటి మావా! నువ్వే."

"నాను కాదు. ఈడికి రెండు సేతులున్నాయి. ఈడితోటి కాపరం సెయ్యాలనుందా నీకు?"

"అది కాదు మావా, భిన్నం బొమ్మ కీడని..."

"భిన్నమైతే గంగలో కలిపేత్తారు కదే! మరి నన్నూ కలిపీ. ఇంట్లో దేనికుంచినావ్?"

పోతమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. మొగుణ్ణి తలెత్తుకునేలా చెయ్యాలని కూర్చుని, అతని చేతిని అతనికంటే ఎక్కువగా తానే దాచిపెట్టింది. సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గులోంచే ఏడాదిగా నోట్లో కుక్కుకున్న కేక బయటపడింది.

"అయితే కోసీత్తాను! నీకు సెయ్యి లేదని నానే కోసీత్తాను, సాలా?"

కత్తెర తెచ్చి బొంత మీద కూలబడింది. మణికట్టు దగ్గర పెట్టింది, తీసింది. మోచేతి దగ్గర పెట్టింది, మళ్లీ తీసింది.

"కొయ్యవేటి?" అన్నాడు ఎల్లారావు.

"ఎక్కడికి కొయ్యను?" పోతమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. "నీ సెయ్యి ఎక్కడిదాకా ఉన్నాదో నాకేటి తెలుసు? నువ్వెప్పుడు సూపించినావు నాకు?"

ఎల్లారావు పళ్లతో తువ్వాలు ముడి విప్పుకున్నాడు. మోకాళ్ల మీద వంగి, బొంత మీది చేతి పక్కన తన చేతిని ఆనించి పెట్టాడు. మోచేతికి కాస్త కిందగా ముడతలు పడి ఆగిపోయిన చెయ్యి. పోతమ్మ కళ్లు తుడుచుకుని, సుద్దముక్కతో దాని పక్కనే గీత గీసింది.

"కొయ్యి," అన్నాడతను. చెయ్యి మాత్రం తియ్యలేదు.