కోడిపిల్ల కూడా పోని వరద

పందొమ్మిది వందల అరవై ప్రాంతంలో నేను నందిగామ తాలూకాలో రెవిన్యూ ఇన్‌స్పెక్టరుగా పనిచేసేవాణ్ణి. ఎవరి మాటా ఒక పట్టాన నమ్మేవాణ్ణి కాను. ఉద్యోగం అలాంటిదని పైకి చెప్పుకునేవాణ్ణి గానీ, నా బుద్ధే అంత. ఆ ఏడు మున్నేరు పొంగి, కీసర దగ్గర ఏటి ఒడ్డునున్న కూలీల పేటలో ఇరవై రెండు గుడిసెలు పోయాయి. ఇల్లూ సామానూ రెండూ పోయినవాళ్లకే తాటాకులు, వెదుళ్లు ఇవ్వమని ఉత్తర్వు. ఎంక్వైరీ నాకు అప్పగించారు.

వెళ్లేసరికి పేట జనమంతా చర్చి అరుగు మీద ఉన్నారు. గోడలు నేలమట్టమయ్యాయి. కానీ ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు, కోడిపిల్ల కూడా పోలేదు. అక్కడే నాకు అనుమానం తగిలింది. కొత్త ఆకుల కోసం పాత గుడిసెలు వీళ్లే పడగొట్టి ఏటి మీదకు నెడుతున్నారేమో అనుకున్నాను.

ఒక్కొక్కరినే పక్కకు పిలిచి సామానేమైందని అడిగాను.

"ఏట్లో పోయిందండి" అన్నారు అందరూ, పాఠం అప్పజెప్పినట్టు.

కలుపు ముఠా పెద్ద మరియమ్మ ఒక్కతే వేరుగా చెప్పింది. "నాదేం పోలేదండి. మెట్టూళ్లో మేం దిగే ఇంట్లో పెట్టా."

వేరుశనగ పీకడానికి పేట మొత్తం ఏటా ఎగువనున్న ఆ ఊరికి వెళ్తుందట. ఏ కుటుంబం ఏ రైతు వసారాలో దిగాలో ఏళ్ల తరబడి మారదట.

"ఏరొస్తుందని నీకు ముందే ఎలా తెలుసు?"

"మా చెల్లి పెనుగంచిప్రోల్లో ఉందండి. అక్కడ నీళ్లు రేవు బండ దాటితే బస్సు కండక్టరుతో కబురంపుద్ది. నేను ముఠాలో చెప్పా. వాళ్లు తలా నాలుగిళ్లకీ చెప్పారు."

నమ్మలేదు. మెట్ట ఊరికి వెళ్లాను. ఏ వసారాలో చూసినా అన్నీ రెండేసి ఉన్నాయి: రెండు ట్రంకు పెట్టెలు, రెండు నీళ్ల బిందెలు, రెండు నులక మంచాలు. ఎవరివంటే రైతులు తడుముకోకుండా "మావేనండి" అన్నారు. ఒక ఇంట్లో దేవుడి గూటి పక్కన బైబిలు కూడా ఉంది. "అదీ మాదేనండి" అన్నాడు ఆసామి, కళ్లార్పకుండా.

రెండు ఊళ్లవాళ్లూ కట్టుకట్టి సర్కారును మోసం చేస్తున్నారని ఒళ్లు మండింది. అయితే మహజరులో, అంటే సాక్షుల ఎదుట అక్కడికక్కడే రాసుకునే కాగితంలో, ఒప్పుకున్నది మరియమ్మ ఒక్కతే. ఆమె పేరు కొట్టేసి, ఇరవై ఒక్క ఇళ్లకు సిఫారసు రాశాను. నా పని నేను గట్టిగా చేశానని సంతోషించాను కూడా.

నెల తర్వాత ఇన్‌స్పెక్షనుకు వెళ్తే కప్పులన్నీ పలచగా ఉన్నాయి. లోపల నిలబడితే ఆకుల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తోంది. మిగతా ఆకులు అమ్ముకున్నారని తేల్చేసుకుని, ఎవరెంత మిగుల్చుకున్నారో పట్టుకుందామని ఇల్లిల్లూ చూస్తూ వెళ్లాను. ఇరవై ఒకటీ అయిపోయాక ఇంకో ఇల్లు కనిపించింది. అదీ అంతే పలచగా కప్పి ఉంది. గుమ్మంలో మరియమ్మ చేటతో బియ్యం చెరుగుతోంది.

"నీకెవరిచ్చారు ఆకులు?"

"తలా కొన్ని తెచ్చి వాళ్లే కప్పారండి. వద్దంటే వినలేదు."

"అందరిలా నువ్వూ ఏట్లో పోయిందంటే సరిపోయేది కదా" అన్నాను.

"మళ్లీ ఏరొస్తే నేను చెప్పే కబురు వీళ్లు నమ్మాలి గదండీ. అబద్ధమాడే మనిషి మాటకి పిల్లల్నెత్తుకుని ఎవరు బయల్దేరతారు?"

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ తర్వాత కూడా ఉద్యోగంలో అనుమానించడం మానలేదు గానీ, ఎంక్వైరీకి వెళ్తే ఏం పోయిందని అడిగే ముందు ఎవరు ఎవరికి కబురు చెప్పారో అడగడం నేర్చుకున్నాను. నిజం చెప్పిన ఒక్క మనిషి పేరు నేను కొట్టేసినందుకు, ఆ ఏడు మిగిలిన వానలకు ఇరవై రెండు ఇళ్లూ కారాయి.