ఉతికిన కోటు

1974 అక్టోబరు 20, ఆదివారం, ఉదయం ఏడుంబావు. సన్నని తుంపర, గాలి లేదు, నీరు గడ్డకట్టడానికి ఇంకొక్క డిగ్రీ చలి చాలు. ఫిన్లాండు ఉత్తరాన, మా అడవిబాటలో, పొరుగింటి తౌనో మొయిలనెన్ కోటు లేకుండా ఎదురైనాడు.

"కోటేదన్నా?"

"అడవిలో ఉంది. రిల్లా రాలేదు."

రిల్లా ఆయన వేటకుక్క. నల్లని వీపు, తేనెరంగు తల. కుందేటి వాసన పట్టి, మొరుగుతూ దానిని చుట్టుతిప్పి తుపాకి ముందుకు తేవడం దాని విద్య. ఇంట్లో పొయ్యి పక్కన పడుకోవడం దాని హక్కు. శనివారం మధ్యాహ్నం దాని మొరుగు తూర్పుగుట్ట దాటి ఆగిపోయింది. అట్టి సమయాన కుక్కను విడిచిన చోటనే యజమాని తన కోటు పరచి రావడం మావారి ఆచారం. ఆ వాసనకు కుక్క తిరిగివచ్చి దానిమీద పడుకొంటుంది. ఆ వారమే గుట్టమీద తోడేళ్ళ అడుగులు కనబడినవి. రెండవ రాత్రి కూడా బయట గడిపితే రిల్లా దక్కదు.

"కోటు చుట్టూ దాని అడుగులున్నాయి," అన్నాడు తౌనో. "వాసన చూసి వెళ్ళిపోయింది."

ఇద్దరమూ వాళ్ళింటికి పోయినాము. వంటింట్లో ఆయన భార్య హిల్కా ఈ మాట విని కాఫీకూజా కింద పెట్టినది.

"ఆ కోటు శుక్రవారం ఉతికాను. పాస్టరుగారు వస్తారని."

"ఉతికావా?"

"రెండుసార్లు. మొదటి నీళ్ళు చూసి భయమేసింది."

"పదకొండేళ్ళ వాసనే అది!"

"అయితే నువ్వే పోయి కూర్చోవయ్యా. నిన్ను నేను ఉతకలేదుగా."

"నిన్న సాయంత్రం సౌనాలో ఆవిరిస్నానం చేశాను."

"కుక్క తప్పిపోయినా స్నానమా అన్నా?" అన్నాను.

"శనివారం కదా. సౌనా రోజు."

హిల్కా నడుముకున్న ఏప్రన్ విప్పి బల్లమీద పెట్టినది. "సబ్బంతా నీ కోటుకే అయిపోయింది. ఇదొక్కటే ఉతకలేదు."

పది గంటలకు ముగ్గురమూ పోయి, కోటు తీసి, ఏప్రన్ పరచి, దూరంగా కూర్చొన్నాము. ఒంటిగంటకు రిల్లా వచ్చినది. ఒక చెవి చీలి ఉన్నది. ఏప్రన్ మీద మూడుసార్లు తిరిగి పడుకొన్నది. తౌనో పిలిచినాడు. అది తోక ఆడించినదే కాని లేవలేదు.

"నా కుక్కయితే నా కోటు గుర్తుపట్టేది," అన్నాడాయన.

"అప్పటికది నీ కోటు కాదులేవయ్యా," అని హిల్కా కుక్కను ఎత్తుకొన్నది.

చెవికి నాలుగు కుట్లు పడినవి. రిల్లా మరి ఐదేళ్ళు వేటాడి, 1980 మార్చిలో పొయ్యి పక్కన చనిపోయినది. తౌనో మరొక కుక్కను తేలేదు, 1987లో గతించినాడు. హిల్కా ఆ ఇంటనే ఉన్నది.