ఈ ఏడూ ఉండమంటారా?

కూర్మయ్యకి అరవై రెండేళ్లు. తన ఇంట్లో తాను ఉండడానికి ఏటా ఇంకొకరిని అడగాలి. ఇంతకంటే తలనొప్పి ఉంటుందా చెప్పండి!

వంశధార వరద పొలాన్ని కోసుకుపోతే వాళ్ల తాత ముఖలింగం వైపు నుంచి సవర కొండల కిందకి వచ్చిపడ్డాడు. అక్కడి సవర పెద్ద ఎకరం మెట్ట, ఇంటికి ఇంత జాగా చూపించాడు. ఉండండి గానీ అమ్మకండి అన్నాడు. ఏటా కందికొత్తల పండగకి కోడిని పట్టుకొచ్చి, ఈ ఏడూ ఉండమంటారా అని అడగాలి, ఉండమన్నాకే కొత్త కందులు నోట పెట్టాలి. కాగితం లేదు, కలం లేదు. తాత అడిగాడు, నాన్న అడిగాడు, ఆ పీడ ఇప్పుడు కూర్మయ్య నెత్తిన పడింది.

పోనీ సొంతూరిదేమైనా దిక్కుందా? ముఖలింగంలో పెళ్లికెళితే ఏజెన్సీవాడు వచ్చాడంటారు. ఇక్కడ పల్లపువాడంటారు. రెంటికీ చెడ్డ రేవడి బతుకు, ఖర్మ!

ఈ ఏడు కొడుకు ధనరాజు ఎదురు తిరిగాడు. రేషన్ కార్డూ ఇక్కడిదే, ఓటూ ఇక్కడిదే, ఇంకా ఈ అడుక్కోడం ఏటి నాన్నా అన్నాడు. కూర్మయ్యకీ విసుగు తలకెక్కింది. పండగనాడు ఆ కోడిని ఇంట్లోనే కూరొండించి, అడక్కుండానే కొత్త కందిపప్పు తిన్నాడు. తిన్నాడన్న మాటే గానీ ధ్యాసంతా సవర పెద్ద ఇంటివైపే ఉంది.

నెల తిరక్కుండా భూముల రీసర్వే వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి హక్కేమిటన్నాడు సర్వేయరు. జాగా ఇచ్చిన ఇంటివాళ్లు గ్రామసభలో కాదంటే ఆక్రమణ అని రాసేస్తానన్నాడు. ఆ ఇంటికి ఇప్పుడు పెద్ద బుల్లమ్మ, ఆనాటి సవర పెద్ద మనవరాలు. చిన్నప్పుడు కూర్మయ్యతో కలిసి మేకలు కాసిన మనిషి, అక్క వరసన అప్పా అని పిలిచేవాడు. సభనాడు ఊరంతా ఆమె మొహమే చూసింది.

"అడగనేదు గదా," అంది బుల్లమ్మ. "అడిగితే గదా ఉండమనీది. పండగనాడు పొద్దుగూకీదాకా గుమ్మంలోనే కూకున్నాను. నువ్వొచ్చి అడక్కపోతే మేమూ కొత్త తినకూడదు, తెల్దేటి నీకు? ఆ కట్టు ఇద్దరికీని. మా ఇంట ఇంకా ఎవులూ కంది ముట్టనేదు."

 ఇంతకుముందు ఏనాడూ అడగడం మానలేదు గనక అవతలివాళ్ల కట్టుబాటు కూర్మయ్యకి తెలియనే తెలియదు. ఇన్నేళ్లూ బరువంతా తనొక్కడే మోస్తున్నాననుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. చేతిలో కోడైనా లేకుండా, అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

"అప్పా, ఈ ఏడూ ఉండమంటారా?"

బుల్లమ్మ సర్వేయరు వైపు తిరిగింది. భూమి మాది, ఉండడం ఆళ్లది, అలాగే రాసుకో బాబూ అంది. ఆ మాట రాయడానికి ఫారంలో గడి లేదని అతను గొణుక్కున్నాడు. ఆమె వినిపించుకోలేదు.

"ఉండు," అంది కూర్మయ్యతో, విసుగ్గానే. "ముందెల్లి కోడిని పట్రా. పిల్లలు కందిపప్పుకి మొకం వాసిపోయున్నారు."