తప్పుల్లేని ప్రతి

దసరా వెళ్ళిన నెలలో విజయనగరం నుంచి చీపురుపల్లి వచ్చే బస్సెక్కితే, సగం దారి దాటాక ముక్కు పగిలిపోయే వాసన ఒకటి లోపలికి వస్తుంది. రోడ్డు పక్క చెరువుల్లో గోగు కట్టలు నానేసి ఉంటాయి. బెరడు కుళ్ళి నార ఊడి రావాలంటే అవి రెండు మూడు వారాలు నీళ్ళలో మురగాలి. మొన్న ఆ వాసన రాగానే బస్సులో అందరూ అద్దాలు మూసుకున్నారు. నేను మూయలేదు. ఆ వాసనలో నాకు కరుణమ్మ టీచరు కనిపిస్తారు, ఆవిడ పక్కన నర్సమ్మ కనిపిస్తుంది. వాళ్ళిద్దరికీ కాస్త ఎడంగా, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, లోపల కుతకుత ఉడికిపోతూ నేను కనిపిస్తాను.

కరుణమ్మ టీచరు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. పొట్టి మనిషి, ఎప్పుడూ పొందూరు ఖద్దరు చీరే కట్టేవారు. చదువు మధ్యలో ఆగిపోయిన వాళ్ళ కోసం చర్చి పక్కనున్న పాత మిషను బడిలో కమ్యూనిటీ కాలేజీ అని ఒకటి మొదలుపెట్టారు. అందులో రెండే కోర్సులు, ఇంగ్లీషు మాట్లాడటం, పర్యావరణ శాస్త్రం. రెండోది చెప్పాల్సినాయన వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోతే ఆ పుస్తకం కూడా ఆవిడే అందుకున్నారు. తనకా సబ్జెక్టు రాదనీ, మాతోపాటే నేర్చుకుంటాననీ ముందే చెప్పేశారు. అలా రెండు పాఠాలూ ఒకటైపోయాయి. నీటి గురించి ఇంగ్లీషులో మాట్లాడాలి, చెట్టు గురించి ఇంగ్లీషులో రాయాలి.

నేను కాన్వెంటులో చదివాను, డిగ్రీ ఉంది. ఆ సర్టిఫికెట్టు కూడా ఉంటే ప్రైవేటు స్కూల్లో ఉద్యోగానికి పనికొస్తుందన్నారు. ఆ మాట నిజమే కానీ, అక్కడ అందరికంటే నాకే ఇంగ్లీషు బాగా వస్తుందని తెలిసే చేరాను. మొదటి రోజు లేచి నిలబడి నా పేరు, ఊరు, చదువు, ఇష్టాలు ఎక్కడా ఆగకుండా చెప్పాను. గదిలో వాళ్ళంతా నోరు తెరిచి చూశారు. టీచరు మాత్రం డస్టరు వైపు చూస్తూ విన్నారు. బాగుందని చెప్పి, ఇప్పుడు నేను కళ్ళతో చూసినదేదైనా ఒకటి చెప్పమన్నారు. నాకేమీ తోచలేదు. వెనక బల్ల మీద నుంచి నర్సమ్మ లేచింది. పదో తరగతి తప్పి, అయినకాడికి పొలం పనులు చేసుకుంటున్న మనిషి. పక్క ఊరి నుంచి నడిచి వచ్చేది. గోగునార తీసి తీసి ఆమె వేళ్ళు తెల్లగా నాని ముడతలు పడి ఉండేవి.

"వాటర్ బ్లాక్. ఫిష్ కమ్ అప్. మౌత్ ఓపెన్," అంది.

ఎవరో నవ్వారు. టీచరు సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఇంకోసారి చెప్పమన్నారు. నర్సమ్మ మళ్ళీ చెప్పింది. ఆ మూడు ముక్కలూ ఆవిడ బోర్డు మీద రాశారు. నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయనీ, పుస్తకంలో పేజీన్నర ఉన్నదాన్ని ఈ అమ్మాయి మూడు మాటల్లో చెప్పిందనీ అన్నారు. నేను ఆగకుండా చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా బోర్డెక్కలేదు. ఆ మంట అప్పుడు మొదలైంది.

ఆ తరవాత ఏది చూసినా నాకు అదే కనిపించేది. టీచరు ముందు నర్సమ్మనే అడిగేవారు. తన క్యారేజీలోని పప్పు ఆమె గిన్నెలో వేసేవారు. అట్ట ఊడిపోయిన తన సొంత డిక్షనరీ కూడా ఆమెకే ఇచ్చారు. నాకు డిక్షనరీ అవసరం లేదు, ఇంట్లో రెండున్నాయి. అయినా ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు.

నర్సమ్మ ఊరి చెరువులో నీళ్ళు పరీక్ష చేయడానికి ఒకసారి అందరం వెళ్ళాం. గోగు నానేసిన మూల నుంచి ఒక సీసా, అవతలి గట్టు నుంచి ఒక సీసా నీళ్ళు పట్టాలి. రెండు మందులు చుక్కలు చుక్కలుగా వేస్తే, ప్రాణవాయువు ఉన్న నీరు గోధుమరంగుకి తిరుగుతుంది, లేనిది తెల్లగా ఉండిపోతుంది. నర్సమ్మ నడుం లోతు దిగింది. టీచరు కూడా ఆ వయసులో కుచ్చిళ్ళు పైకి దోపుకుని మోకాళ్ళ దాకా దిగారు. నేను గట్టు మీద నిలబడి లెక్కలు రాశాను. గోగు దగ్గరి సీసా తెల్లగా ఉండిపోయింది. కట్టలన్నీ ఒకే మూలన, అడ్డుగట్టు వేసి నానబెట్టుకుంటే మిగతా చెరువు బతుకుతుందని నర్సమ్మ అంది. టీచరు ఆమె భుజం మీద తడిచెయ్యి వేశారు. ఇద్దరూ అలా నీళ్ళలో నిలబడి నవ్వుకుంటూ ఉంటే, రుమాలు తీసేసి నేనూ దిగితే బాగుండునని అనిపించింది. దిగలేదు.

ఎచ్చెర్ల యూనివర్సిటీలో విద్యార్థుల సభ ఒకటి ఉందనీ, ఈ చెరువు సంగతి అక్కడ ఇంగ్లీషులో చదవాలనీ కబురొచ్చింది. చదివేది నర్సమ్మ అన్నారు టీచరు. ఆమె రాసిన రెండు పేజీలూ నా చేతికిచ్చి, తప్పులు దిద్ది మంచి ప్రతి రాయమన్నారు. ఇంటికి తెచ్చుకుని కూర్చున్నాను. తప్పులు దిద్దితే చాలు, పావుగంట పని. కానీ ఆమె చిన్న చిన్న వాక్యాలన్నీ కొట్టేసి, నోరు తిరగని పెద్ద మాటలతో మూడు పేజీలు రాశాను. బాగు చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అంతటితో ఆగలేదు. కాగితాలు మూడు రోజులు నా దగ్గరే అట్టే పెట్టుకుని, సభ రోజు పొద్దున్న బస్సులో ఆమె చేతిలో పెట్టాను.

ఆమె చదవబోయి ఆగిపోయింది. "అక్కా, ఈ మాట ఏటి? ఎలాగ పలకాలో సెప్పవా," అని అడిగింది.

కడుపులో తిప్పుతోందని చెప్పి, సీటుకి తల ఆన్చి కళ్ళు మూసుకున్నాను. నాకేమీ తిప్పడం లేదు. పక్కన ఆమె ఆ మాటను గొణుక్కుంటూ కూడబలుక్కోవడం దారి పొడుగునా వింటూనే ఉన్నాను. మధ్యలో ఒకసారి నా మీద ఎండ పడుతోందని తన కొంగు అడ్డం పెట్టింది.

సభలో రెండో వాక్యం దగ్గరే నర్సమ్మకి నాలుక మడత పడింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆగింది. వెనక వరసల్లో నవ్వు వినిపించింది. అప్పుడు నాకు సంతోషం వేసింది. ఎంతసేపని అడిగితే చెప్పలేను, వేసిన మాట నిజం. నర్సమ్మ కాగితాలు మడిచి పక్కన పెట్టేసి, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, అవి చాలని చోట తెలుగుతో చెరువంతా చెప్పేసింది. తెల్లారగట్ట చేపలు ఏ మూల తేలతాయో, ఎండెక్కాక ఎటు పోతాయో చెప్పింది. ముందు వరసలో ఉన్న లెక్చరరు ఒకాయన లేచి వచ్చి ప్రశ్న మీద ప్రశ్న అడిగారు. నవ్విన వాళ్ళే రాసుకున్నారు.

బయటికొచ్చాక టీచరు ఆ కాగితాలు నా దగ్గర నిలబడే మొత్తం చదివారు.

"ఒక్క తప్పు లేదు సుజాతా. నర్సమ్మ కూడా లేదు ఇందులో," అన్నారు.

తిరుగు బస్సులో నర్సమ్మ పక్కనే కూర్చుని, ఆ మాటలన్నీ ఎలా పలకాలో ఒక్కొక్కటే చెప్పాను. ఆమె శ్రద్ధగా నేర్చుకుంది. ఎందుకిప్పుడు అని అడగలేదు.

కోర్సు అయిపోయిన కొన్నాళ్ళకి క్షమాపణ చెప్పుకుందామని టీచరు ఇంటికి వెళ్ళాను. వరండాలో బియ్యం ఏరుకుంటున్నారు. బస్సులో కళ్ళు మూసుకున్న సంగతి చెప్పాను. చేట మీంచి చూపు తీయకుండా రాళ్ళు ఏరుతూనే విన్నారు. నా మీద కోపమేమోనని అడిగాను.

"కోపమేటీ లేదమ్మా. కుళ్ళు," అన్నారు. "నేను ప్రతి ఇంగ్లీషు మాటా లోపల కూర్చుకున్నాకే బయటికి తీసేదాన్ని. నా ఉద్యోగమంతా అలాగే గడిసింది. నువ్వొచ్చి గడగడా మాటాడేశావు. ఆరోజు నుంచీ నీకేసి సూడాలంటే కష్టంగా ఉండీది. టీచర్‌ని కదా, అలాగ ఉండకూడదు. ఉన్నాను."

సిగ్గుపడాల్సిన చోట కూడా నాకు ముందు గర్వమే కలిగింది. ఆవిడకి నా మీద అసూయా అనుకున్నాను. ఆవిడ కూతురు వయసు దాన్ని ముందు కూర్చోబెట్టుకుని ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఇంటికి వెళ్ళాక గానీ తెలియలేదు. నాదీ కుళ్ళేనని ఒప్పుకునే ఆ ధైర్యం నేను ఎవరి ముందూ చేయలేదు. నర్సమ్మ ముందు అసలే చేయలేదు.

టీచరు పోయి రెండేళ్ళైంది. నర్సమ్మ ఇప్పుడు ఊళ్ళు తిరిగి నీళ్ళు పరీక్ష చేసే పనిలో ఉంది. టీచరు స్మారక ప్రార్థనలో మాట్లాడమని ఇంటివాళ్ళు నర్సమ్మనే అడిగారు, నన్ను కాదు. ఇంగ్లీషులో రాసుకుని ముందురోజు మా ఇంటికి తెచ్చి, ఒకసారి చూడమంది. చదివాను. రెండు చోట్ల క్రియ తప్పు పడింది. కాగితం తిరిగి ఇచ్చేసి బాగుందన్నాను. మర్నాడు చర్చిలో ఆమె మాట్లాడింది. టీచరు తన ముఖం కంటే ముందు తన చేతులు చూశారని చెప్పింది. తప్పు క్రియతోనే చెప్పింది. పక్కవాళ్ళతోపాటు నేనూ కళ్ళు తుడుచుకున్నాను. అంత ఏడుపులోనూ ఆ వాక్యం నాకెందుకు రాలేదని కడుపు రగిలిపోయింది.

అదింకా పోలేదు. ఇప్పుడు ఆ కోర్సులో ఇంగ్లీషు చెప్పేది నేనే. పేపర్లు దిద్దుతుంటే ఏ వంకరటింకర వాక్యం దగ్గరో ఆ మంట రగులుకుంటుంది. వెంటనే ఎర్రపెన్ను మూత పెట్టేసి, ఆ రాసిన మనిషిని పిలిచి, చదివి వినిపించమని అడుగుతాను.