తూర్పుకు పోవాల్సిన సాలీళ్లు

రెండేళ్ల కిందటి డిసెంబర్. బాన్సువాడలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. ఆ నెల జరిగిన సైన్స్ ఫెయిర్ తలచుకుంటే నాకిప్పటికీ కాసేపు దిక్కు తెలియదు.

మంజీర ఒడ్డు ఇసుకలో వల అల్లని చిన్న సాలీళ్లు తిరుగుతుంటాయి. నీళ్లలో పడేస్తే మునగవు, పైనే పరుగెత్తి తమ ఒడ్డు చేరతాయి. పొద్దును చూసి ఇలా దిక్కు పట్టడం సన్ కంపాస్. పొద్దు కదులుతుంది కాబట్టి వేళ కూడా తెలియాలి. ఆ లోపలి గడియారం బయలాజికల్ క్లాక్. మన ఒడ్డు నదికి తూర్పున ఉంది, కనుక మన సాలీళ్లు తూర్పుకే పోవాలి. ఇదీ నా స్టూడెంట్ రజిత ప్రాజెక్టు.

"జిల్లా ఫెయిర్‌కు సెలెక్టయితే డిగ్రీకి పంపుతనన్నది సార్ మా అమ్మ. లేకుంటే ఆమె తోటి బీడీలు చుట్టుడే," అంది.

ఫెయిర్ రోజు మిట్టమధ్యాహ్నం, ఎండలో నీళ్ల టబ్బు పెట్టి, గోనెసంచి కింది గాజు డబ్బాలోంచి సాలీళ్లను వదిలింది. అన్నీ దక్షిణానికి ఉరికాయి!

"ఏందమ్మా, నీ సాలీళ్లకు దిక్కు తెల్వదా?" అని జడ్జి నవ్వాడు. రజిత కళ్లలో నీళ్లు తిరిగాయి. టబ్బు తిప్పాను, నీళ్లు మార్చాను, తూర్పు ఎటో నేనే మళ్లీ చూసుకున్నాను. మళ్లీ దక్షిణమే. దారి తప్పినవైతే తలో దిక్కు పోవాలి గదా, పెళ్లి బారాత్‌లా అన్నీ ఒకే వైపు ఎందుకు పోతాయి?

"ఇంట్ల యాడ పెట్టినవ్ వీటిని?" అని రజితను అడిగాను.

"అమ్మ పక్కకే సార్. అమ్మ సగం రాత్రి దాక బల్బు కింద బీడీలు చుడ్తది. పొద్దుగాల తునికాకు ఎండకుండ తడి గోనెసంచి కప్తది గదా, గట్లనే వీటికి గూడ కప్పిన. పగటీలికి, మధ్యాహ్నం అయినంక తీసేది."

"రోజూ గిట్లనేనా?"

"అవు సార్. ఎండిపోతయని..."

అప్పుడు తట్టింది, అయినా నమ్మకం కుదరలేదు. సగం రాత్రి దాకా బల్బు వెలుగు, మధ్యాహ్నం దాకా గోనె చీకటి; వాటి లోపలి గడియారం వెనకబడి, వాటికి తెల్లవారేదే మధ్యాహ్నం! దక్షిణాన ఉన్న పొద్దును చూసి అప్పుడే పొడిచిందనుకుని, అదే తూర్పని ఉరికాయి. బండి తీసి మంజీరకు పోయి తాజా సాలీళ్లు తెచ్చాను. అవి తూర్పుకే పోయాయి.

జడ్జి తల గోక్కుని, "మల్ల చెప్పమ్మా, అవెందుకు తప్పు పోయినయ్?" అన్నాడు.

"తప్పు పోలే సార్. మా ఇంటి పొద్దుకు సక్కగనే పోయినయ్," అంది రజిత.

సెలెక్టయింది. ఇప్పుడు ఫస్ట్ పీరియడ్‌లో ఎవరైనా కునికితే, కోప్పడే ముందు ఒకటి అడుగుతాను: "రాత్రి మీ ఇంట్ల లైటు ఎప్పుడు బంద్ జేసిండ్రు బిడ్డా?"